మొండిప్రాణం, హార్మోను, తట్టు

మా ఇంట్లో తట్టు వచ్చిన కథ ఒకటుంది. అప్పుడు నాకు ఆరేళ్లు, తమ్ముడికి మూడు. ముందు వాడికి వచ్చింది. వాడి మంచం పక్కన కూర్చుని వేపమండతో విసరడం నా పని. పది పన్నెండు రోజులకి నాకూ వచ్చింది. తమ్ముడికి ఆయాసం మొదలవగానే నాన్న వాణ్ణి భుజాన వేసుకుని బస్సెక్కి ఒంగోలు తీసుకెళ్లాడు. నాకు ఆయాసం వచ్చినప్పుడు అమ్మమ్మ "ఆడపిల్లది మొండిప్రాణం, దానికేం కాదులే" అంది. నిజంగానే ఏం కాలేదు. ఇప్పటికీ పండక్కి అందరం కలిస్తే ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటాం. నేనూ నవ్వేదాన్ని.

ఆ నవ్వు నాకు మొదటిసారి అడ్డం తిరిగింది ఒక వైద్య వ్యాసం చదువుతున్నప్పుడు. సబ్రా క్లైన్, కేటీ ఫ్లానగన్ 2016లో రాసిన సమీక్షా వ్యాసం అది. స్త్రీ పురుషుల రోగనిరోధక శక్తిలో తేడాల గురించి అప్పటిదాకా తెలిసినదంతా ఒకచోట పెట్టారు. ఆడవాళ్ల శరీరం సాధారణంగా వైరస్‌ల మీద ఎక్కువ చురుగ్గా స్పందిస్తుందనీ, టీకాలకి ఎక్కువ యాంటీబాడీలు తయారుచేస్తుందనీ, అదే చురుకుదనం వల్ల శరీరం తన మీద తనే దాడి చేసుకునే జబ్బులు కూడా వాళ్లకే ఎక్కువనీ ఆ వ్యాసం చెబుతుంది. చదువుతుంటే నాకు అమ్మమ్మ మాటే వినిపించింది. మొండిప్రాణం అన్న మాటకి ఇదేనా శాస్త్రం? అలాగైతే మా నాన్న ఆ రోజు చేసింది లెక్క ప్రకారం సరైన పనేనా?

ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచే పుట్టింది. నేను వైద్యం చదువుకోలేదు. చదువుకున్నది సాహిత్యం. ఎమిలీ మార్టిన్ 1991లో వైద్య పాఠ్యపుస్తకాల్లో అండం, శుక్రకణం కథని ప్రేమకథలా చదివి చూపించాక, మనలాంటి వాళ్లం వైద్య గ్రంథాల్లోకి తొంగిచూడడానికి పెద్దగా మొహమాటపడనక్కర్లేదు అనుకుంటాను. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట్లో ఏ పని చేస్తోంది, ఏ ప్రశ్నని రానీయకుండా తలుపు వేస్తోంది అని అడగడం మనకి అలవాటే. నేనిక్కడ అడుగుతున్నది హార్మోను అనే మాట గురించి. మరీ ముఖ్యంగా, పసిపిల్లలకి వైరస్ జబ్బు చేసినప్పుడు ఆడపిల్లకొకలా, మగపిల్లాడికొకలా ఎందుకు ముదురుతుంది అంటే జవాబుగా వచ్చే హార్మోను గురించి.

ఆ మాటని 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లీషు శరీరశాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. కదిలించేది, ఉసికొలిపేది అని గ్రీకు అర్థం. అప్పుడు ఆయన మాట్లాడుతున్నది ఎక్కువగా జీర్ణరసాల గురించి. ఆడ హార్మోను, మగ హార్మోను అన్న విభజన బలపడింది ఆ తర్వాత, 1920లలో, 30లలో. నెల్లీ ఔడ్‌షూర్న్ 1994లో రాసిన పుస్తకం ఈ చరిత్రనే తవ్వుతుంది. ఆడ హార్మోను మీద అంత పరిశోధన అంత త్వరగా జరగడానికి కారణం స్త్రీల శరీరంలోని ప్రత్యేకత కాదంటుంది ఆమె. స్త్రీల వైద్యశాలలు అప్పటికే ఉన్నాయి, మూత్రం, అండాశయాలు అక్కడ సులువుగా దొరికాయి, మందుల కంపెనీలకి కొనేవాళ్లూ అక్కడే దొరికారు. మగవాళ్లకి అలాంటి వైద్యశాల లేదు. అందుకే 1931లో బూటెనాంట్ మగ హార్మోనుని వేరుచేయాలంటే బెర్లిన్ పోలీసుల దగ్గర పదిహేను వేల లీటర్ల మూత్రం పోగుచేయాల్సి వచ్చింది. (ఎవరు మోశారో ఆ డబ్బాలని!) 1934లో జోండెక్‌కి ఆడ హార్మోను కుప్పలుగా దొరికింది ఎక్కడో తెలుసా? మగగుర్రం మూత్రంలో. శాస్త్రం ఆశ్చర్యపోయింది, కొంచెం ఇబ్బందిపడింది, కానీ పేరు మార్చలేదు. ఈస్ట్రోజెన్ అన్న పేరుకి మూలమైన గ్రీకు మాటకి పశువులని పిచ్చెక్కించే జోరీగ అని అర్థం. మనకి పెట్టిన పేర్లన్నిట్లో ఇది కాస్త నయమైనదేమో.

ఆన్ ఫాస్టో స్టెర్లింగ్ 2000లో తన పుస్తకంలో అడిగింది కూడా అదే. ఎముకల్లో, కాలేయంలో, నరాల్లో, రక్తంలో అన్నిచోట్లా పనిచేసే ఈ పదార్థాలని లైంగిక హార్మోన్లు అని పిలవడం ఏమిటని. ఎదుగుదల హార్మోన్లు అంటే ఎక్కువ నిజమవుతుందని ఆమె వాదన. నేను ఈ ఇద్దరికీ చాలా రుణపడి ఉన్నాను. అయినా వాళ్ల మీద నాకో ఫిర్యాదు ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు పిల్లల జబ్బుల దగ్గరికి వద్దాం. మామూలుగా వినిపించే కథ ఇది: టెస్టోస్టెరాన్ రోగనిరోధక శక్తిని అణుస్తుంది, ఈస్ట్రోజెన్ ఎగదోస్తుంది, కాబట్టి మగపిల్లలకి వైరస్ జబ్బులు ముదురుతాయి, ఆడపిల్లలు తట్టుకుంటారు. ఇందులో పూర్తిగా అబద్ధమేమీ లేదు. కానీ కథలో వయసు ఎక్కడుంది అని అడిగి చూడండి. పుట్టిన మొదటి కొన్ని నెలల్లో పిల్లల శరీరంలో హార్మోన్లు ఒక్కసారి ఎగుస్తాయి. మగబిడ్డలో టెస్టోస్టెరాన్ ఒకటి నుంచి మూడు నెలల మధ్య బాగా పెరిగి, ఆరు నెలలకల్లా దిగిపోతుంది. డాక్టర్లు దీన్ని బుల్లి యుక్తవయసు అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఆ తర్వాత ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా ఈ విషయంలో శరీరం దాదాపు నిశ్శబ్దం. మూడేళ్ల పిల్లాడి రక్తంలో, మూడేళ్ల పిల్ల రక్తంలో ఈ రెండు హార్మోన్లూ చాలా తక్కువ, తేడా కూడా స్వల్పమే.

అంటే హార్మోను కథకి నిజంగా చోటున్నది రెండు కొసల్లో. ఒక కొసన పాలు తాగే వయసులో వచ్చే ఆర్‌ఎస్‌వి లాంటి ఊపిరితిత్తుల వైరస్ జబ్బు. అది మగపిల్లల్నే ఎక్కువగా ఆసుపత్రి దాకా తెస్తుంది. అక్కడ కూడా మగబిడ్డల శ్వాసనాళాలు ఆ వయసులో ఇరుకుగా ఉండటం ఇంకో కారణం. రెండో కొసన యుక్తవయసు: చిన్నప్పుడు బుగ్గలు వాచి పోయే గవదబిళ్ళలు, ఆ వయసు దాటిన మగవాళ్లలో వృషణాలకి పాకుతాయి. కానీ తట్టు ఎప్పుడొస్తుంది? మన దేశంలో ఎక్కువగా ఆ నిశ్శబ్దపు ఏళ్లలోనే. నాకు ఆరు, తమ్ముడికి మూడు. మా ఇద్దరి మధ్య తేడాకి ఆ రెండు హార్మోన్లనీ సాక్ష్యం పిలవడం కష్టం. తల్లి కడుపులోనూ తొలి నెలల్లోనూ ఆ హార్మోన్లు ఏవైనా చెరగని గుర్తులు వదిలాయేమో అనొచ్చు, కానీ అది ఊహ. దానికన్నా గట్టి సాక్షి జన్యువు. వైరస్‌ని పసిగట్టే టీఎల్ఆర్7 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవాళ్లకుండే రెండు ఎక్స్‌లలో ఒకటి మూగబోతుంది గానీ, ఈ జన్యువు కొన్ని కణాల్లో ఆ మూగతనాన్ని తప్పించుకుంటుందని 2018లో ఒక ఫ్రెంచి బృందం చూపించింది. అది పుట్టుకతో వచ్చింది, ఆరేళ్లకీ ఉంటుంది, అరవైకీ ఉంటుంది.

మరి తట్టు విషయంలో మొండిప్రాణం నిలిచిందా? నిలవలేదు. మిషెల్ గారెన్ 1994లో ఎన్నో దేశాల మరణాల లెక్కలు తీసి చూస్తే, తట్టుతో చనిపోయేవాళ్లలో ఆడవాళ్ల వైపే కాస్త మొగ్గు కనిపించింది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ తేడా చిన్నది, సుమారు నాలుగు శాతం. ఐదు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పదకొండు శాతం దాకా, పిల్లల్ని కనే వయసులో ఇంకా చాలా ఎక్కువ. ఆడపిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లరని మనం చెప్పుకునే దేశాలే కావు అవి, యూరప్ లెక్కలూ అందులో ఉన్నాయి. చాలా జబ్బుల్లో మగపిల్లలు ఎక్కువగా పోతుంటే తట్టులో ఎందుకు తిరగబడింది? చురుకైన స్పందనే ఇక్కడ కీడు చేస్తోందా? ఇంకా ఎవరూ తేల్చలేదు.

పీటర్ ఆబీ అనే డేనిష్ పరిశోధకుడు మరోవైపు నుంచి వచ్చాడు. ఆయన మొదట మానవశాస్త్రం చదివినవాడు. 1978లో పశ్చిమాఫ్రికాలోని గినీ బిస్సావుకి వెళ్లి ఇంటింటికీ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తట్టు తీవ్రత పిల్లల ఒంటి బలం మీదకన్నా, ఆ వైరస్ ఎంత దగ్గరగా, ఎంతసేపు తగిలింది అనే దాని మీద ఆధారపడుతుందని ఆయన గమనించాడు. బజారులో అంటించుకుని ఇంటికి తెచ్చిన పిల్లకన్నా, అదే గదిలో పడుకుని ఆ పిల్ల నుంచి తెచ్చుకున్న రెండో పిల్లకి జబ్బు ముదురుతుంది. 1992లో సెనెగల్ పల్లెల నుంచి ఇంకా విచిత్రమైన సంగతి రాశాడు: అబ్బాయి నుంచి అమ్మాయికి, అమ్మాయి నుంచి అబ్బాయికి సోకినప్పుడు మరణాలు ఎక్కువని. ఇది చదివి నేను చాలాసేపు ఊరుకున్నాను. వేపమండ పట్టుకుని తమ్ముడి పక్కన కూర్చున్న పిల్ల, జబ్బు పడ్డవాళ్లకి సేవ చేయడం ఆరేళ్లకే తన పని అయిన పిల్ల, ఏ హార్మోను పట్టికలోనూ లేదు.

ఇక స్త్రీవాదులం మన ముందున్న ఒక సంఘటన గురించి ఎందుకు ఇంత తక్కువ మాట్లాడుకున్నామో నాకు అర్థం కాదు. తొమ్మిది నెలలు నిండకముందే పిల్లలు తట్టుతో చనిపోతున్న చోట్ల, మామూలుకన్నా చాలా ఎక్కువ మోతాదు వైరస్ ఉన్న టీకాని నాలుగైదు నెలలకే వేసి చూశారు. తట్టు నుంచి రక్షణ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో దాన్ని సిఫార్సు చేసింది. ఆ తర్వాత సెనెగల్‌లో ప్రయోగంలో ఉన్న పిల్లల్ని టీకా వేశాక కూడా గమనిస్తూ వచ్చిన గారెన్ బృందం 1991లో ఒక సంగతి చెప్పింది. ఎక్కువ మోతాదు టీకా వేయించుకున్న పిల్లల్లో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. గినీ బిస్సావు, హైతీ లెక్కలూ కలిపి చూస్తే ఆ అదనపు మరణాలు ఆడపిల్లలవి. తట్టుతో కాదు, విరేచనాలతోనో, జ్వరాలతోనో, నెలల తర్వాత. 1992లో ఆ టీకాని ఉపసంహరించారు. (ఇప్పుడు మన పిల్లలకి తొమ్మిదో నెల తర్వాత వేసేది ఆ టీకా కాదు, మామూలు మోతాదుది, అది లక్షల ప్రాణాలు కాపాడింది. దయచేసి నా మాటని ఎవరూ టీకా మానడానికి వాడొద్దు.)

ఎందుకలా జరిగిందో ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. టీకాలు వేసే వరస తారుమారు కావడం కారణమని 2003లో ఆబీ వాదించాడు, చాలామంది ఒప్పుకోలేదు. నాకు ముఖ్యమనిపించింది వేరే. అమ్మాయిలని అబ్బాయిలని కలిపి పిల్లలు అని ఒకే గడిలో వేసి ఉంటే ఈ మరణాల ఆకారం ఎవరికీ కనిపించేది కాదు. ఇంకోటి, ఆ తల్లులు ఆడపిల్లల్ని అశ్రద్ధ చేశారు అని సరిపెట్టేసి ఉంటే కూడా కనిపించేది కాదు. ఆ పిల్లలందరికీ ఒకే చేతులు, ఒకే ఊళ్లలో టీకా వేశాయి. తల్లి పెంపకంలో తేడా అన్న జవాబు మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శరీరం అనే మాట వినగానే మనం దాన్ని ముందుకి తోసేస్తాం. శరీరంలో తేడా ఉందంటే వంటింట్లోకి తోసేస్తారన్న భయం మనది. ఆ భయానికి కారణాలున్నాయి, నేను కాదనను. కానీ ఆ భయం వల్ల మనకి కనిపించకుండా పోయిన ఆడపిల్లలు కూడా ఉన్నారు.

ఇక మన దేశపు లెక్కలు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పుట్టిన మొదటి నెలలో చనిపోయిన మగపిల్లలు వెయ్యికి 41, ఆడపిల్లలు 37. ఏడాది దాటి ఐదేళ్లలోపు చనిపోయినవాళ్లు మగపిల్లలు 14, ఆడపిల్లలు 23. మొదటి నెలలో నిజంగానే మొండిప్రాణం. మొదటి పుట్టినరోజు దాటేసరికి ఆ మొండితనం ఖర్చైపోయింది. దీన్ని తట్టు ఒక్కదాని లెక్కగా చదవకూడదు, ఆ మరణాల్లో చాలా జబ్బులున్నాయి. తర్వాతి సర్వేల్లో ఈ తేడా బాగా తగ్గింది కూడా. అయినా ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ప్రకృతి ఇచ్చిందేమిటో, ఇల్లు తీసుకున్నదేమిటో వేరే చెప్పక్కర్లేదు. మోనికా దాస్‌గుప్తా 1987లో పంజాబ్ పల్లెల గురించి రాస్తూ, ఈ చావు ఆడపిల్లలందరినీ సమానంగా పట్టదని, అప్పటికే ఒక అక్క ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లని పడుతుందని చూపించింది. ఇద్దరు అక్కాచెల్లెళ్ల మధ్య ఏ హార్మోను తేడా ఉంటుంది?

అమర్త్యసేన్ 1990లో పదికోట్ల మంది స్త్రీలు లోకం నుంచి తప్పిపోయారు అన్నప్పుడు, ఆ లెక్కకి ఆధారం ఏమిటో మనం గమనించామా? సమానంగా చూసుకుంటే ఆడవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారన్న జీవశాస్త్రం. మన అతిపెద్ద స్త్రీవాద లెక్క మొండిప్రాణం మీద నిలబడి ఉంది. శరీరాన్ని బయటికి గెంటేసి ఆ లెక్క వేయలేం.

దీనికి తలకిందులుగా ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆసుపత్రి రిజిస్టరు చూసి, మంచాల మీద మగపిల్లలు ఎక్కువున్నారు కాబట్టి జబ్బు వాళ్లకే ముదురుతుంది అనడం. వియత్నాంలో హోచిమిన్ నగరం ఆసుపత్రుల్లో చేరిన లక్షకు పైగా డెంగీ రోగుల మీద 2011లో వచ్చిన అధ్యయనం ఉంది, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. చేరినవాళ్లలో మగపిల్లలు ఎక్కువ. షాక్‌లోకి వెళ్లింది, చనిపోయింది మాత్రం ఆడపిల్లల్లో ఎక్కువ. వాళ్ల శరీరం వైరస్ మీద మరీ ఉధృతంగా విరుచుకుపడి రక్తనాళాలు కారిపోయాయా? లేక వాళ్లని ఆలస్యంగా తెచ్చారా? రిజిస్టరులో వచ్చిన తేదీ ఉంటుంది, జ్వరం మొదలైన రోజు కూడా రాస్తారు. ఇంట్లో ఎన్నిసార్లు "రేపు చూద్దాంలే" అనుకున్నారో రాయరు. మా తమ్ముడి పేరు ఒంగోలులో ఏదో రిజిస్టరులో తట్టు ముదిరిన కేసుగా ఎక్కే ఉంటుంది. నాది ఎక్కడా లేదు. ఎవరైనా ఆ ఏడాది లెక్క తీస్తే, మా ఇంటి నుంచి వాళ్లకి దొరికేది మగపిల్లలకి తట్టు ఎక్కువగా ముదురుతుంది అన్న సాక్ష్యమే.

ఔడ్‌షూర్న్, ఫాస్టో స్టెర్లింగ్ మీద నా ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. హార్మోనుని ఆడ మగ అనే గదుల్లోంచి విడిపించాలని వాళ్లు అంత బాగా వాదించాక కూడా, వాళ్ల చూపు అండాశయాల చుట్టూ, వృషణాల చుట్టూనే తిరుగుతుంది. 2019లో జోర్డన్ యంగ్, కర్కజిస్ టెస్టోస్టెరాన్ జీవితచరిత్ర రాశారు. అండం విడుదల, హింస, అధికారం, దుస్సాహసం, పెంపకం, క్రీడలు, అన్నీ అధ్యాయాలయ్యాయి. ఆకలి లేదు. జ్వరం లేదు. ఆ పుస్తకాల్లోని శరీరం కడుపు నిండిన శరీరం. మన వైపు నుంచి చదివితే ఆ ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎందుకంటే పిల్లల వైరస్ జబ్బుల్లో నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సిన హార్మోన్లు వేరే ఉన్నాయి. వాటికి ఆడ మగ పేర్లు లేవు. లెప్టిన్ ఒంట్లోని కొవ్వులోంచి పుడుతుంది. 1994లో దాన్ని కనుక్కున్నప్పుడు అందరూ లావు తగ్గించే మందు దొరికిందని సంబరపడ్డారు. 1998లో తేలిందేమిటంటే, ఆకలితో మాడ్చిన ఎలుకల్లో రోగనిరోధక శక్తి పడిపోతే, లెప్టిన్ ఇవ్వగానే అది తిరిగి లేచింది. కొవ్వు కరిగిపోయిన పిల్లలో లెప్టిన్ బాగా తగ్గిపోతుంది, వైరస్‌తో పోరాడే కణాలకి బడి లాంటి థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. ఆకలీ భయమూ పెంచే కార్టిసోల్ దాన్ని ఇంకా కుదిస్తుంది. ఉగాండాలో తీవ్రమైన పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన పిల్లల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఎవరు బతకరో ముందే చెప్పిన గుర్తుల్లో ముఖ్యమైనది లెప్టిన్ తక్కువగా ఉండటం.

వివక్ష, హార్మోను రెండూ ఎదురెదురు జవాబులు అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అన్నం పళ్లెంలో జరిగిన వివక్ష నెత్తురులోకి చేరే దారుల్లో హార్మోను ఒకటి. ఆఖరి బంతిలో తిన్న పిల్ల ఒంట్లో ఆ ఆఖరి బంతి ఒక కొలతగా మిగులుతుంది. రక్తపరీక్షలో అది దొరుకుతుంది కూడా.

తెలుగులో స్త్రీల ఆరోగ్యం గురించి మనం రాసుకున్నవాటిలో "సవాలక్ష సందేహాలు" నాకు ఇప్పటికీ ఇష్టమైన పుస్తకం. శరీరం గురించి మాట్లాడడానికి సిగ్గుపడక్కర్లేని భాష అది ఇచ్చింది. ఆ తర్వాత ఆ భాషని మనం ముందుకి తీసుకెళ్లలేదనిపిస్తుంది. ఈరోజు తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో హార్మోను అంటే నెలసరి తప్పడం, మొటిమలు, చిరాకు. ఆడవాళ్ల కోపానికి వివరణ. కోడలు విసుక్కుంటే హార్మోన్ల తేడా, అత్త విసుక్కుంటే వయసు. ఆకలేసిన పిల్లకి కూడా హార్మోన్లుంటాయని ఆ పేజీల్లో నేనెప్పుడూ చదవలేదు. మనం, ఈ పత్రికలో రాసేవాళ్లం కూడా, ఆ మాటని వాళ్లకే వదిలేశాం.

అమ్మమ్మ మీద నాకు కోపం లేదు. తొమ్మిదిమందిని కని ఐదుగురిని పెంచుకున్న మనిషి. ఆడపిల్లది మొండిప్రాణం అన్న మాట ఆవిడ ఊరికే అనలేదు, పోయిన నలుగురిలో ముగ్గురు మగపిల్లలు. ఆవిడ కళ్లతో చూసిన లెక్క అది, శాస్త్రం దాన్ని పెద్దగా కాదనదు కూడా. కాకపోతే అది ఓదార్పుగా మొదలై, బస్సు చార్జీలు ఎవరికి పెట్టాలో తేల్చే మాటైంది.

ఈ వ్యాసం రాస్తూ అమ్మకి ఫోన్ చేశాను. ఆ తట్టు రోజుల్లో మాకు ఏం పెట్టావు అని అడిగితే, "వాడికి ఆసుపత్రిలో పాలు, బ్రెడ్డు. నీకు గంజి, మజ్జిగన్నం. నువ్వు తినేదానివి కాదు, నేను కూడా వాడి దగ్గరే ఉన్నాగా" అంది. టీకా వేయించావా అన్నాను. "ఇద్దరికీ వేయించాం అనుకుంటానే. కార్డులు ఉండాలి, చూస్తానుండు" అని పెట్టేసింది. సాయంత్రం మళ్లీ తనే చేసింది. తమ్ముడి కార్డు దొరికిందట. తొమ్మిదో నెలలో తట్టు టీకా వేసినట్టు తేదీతో సహా ఉందట, అయినా వాడికెందుకు వచ్చిందో అని ఆశ్చర్యపోతోంది. ఒక్క డోసుతో అందరికీ రక్షణ రాదమ్మా, అందుకే ఇప్పుడు రెండు వేస్తున్నారు అని చెప్పాను. నాది ఇంకా వెతుకుతోంది.